సాలీడు పెంపకం - పట్టుపురుగు నేర్పిన పాఠం



ప్రతి సంచికలో ఈ పేజీలో ఏదో ఒక పాఠం ఇవ్వడం మన ఆనవాయితీ. బ్యాంకులో గుమాస్తాగా పని చేసి రిటైరయిన నేను ఇంతవరకు వడ్డీ లెక్కలు, చెక్కు రాసే పద్ధతి, విద్యా రుణం దరఖాస్తు వంటి విషయాలే రాశాను. చదివింది బి.కామ్. జంతుశాస్త్రం నా సబ్జెక్టు కాదు. అయినా ఈసారి పాఠం ఒక సాలీడు గురించి. మన స్కాలర్‌షిప్ తీసుకుంటున్న ఒక అబ్బాయివల్ల ఈ విషయం నా దగ్గరికి వచ్చింది. తెలుసుకున్న కొద్దీ ఇది మన శిడ్లఘట్ట పిల్లలకు సులభంగా అర్థమయ్యే పాఠమే అనిపించింది. ఎందుకంటే దీనిలో సగం పాఠం మన ఇళ్లలో పట్టుపురుగు ఎప్పుడో నేర్పింది.

1. అబ్బాయి తెచ్చిన డబ్బా

ఆ అబ్బాయిది మన తాలూకాలో ఒక పల్లె. తల్లిదండ్రులు రెండెకరాల మల్బరీ పెట్టుకొని పట్టుపురుగులు మేపుతారు. అతను బెంగళూరులో బి.ఎస్.సి. రెండో సంవత్సరం. అతని గదిలో ఉండే సీనియర్ ఉద్యోగం వచ్చి వేరే ఊరికి పోతూ, తాను పెంచుతున్న టరాంటులా సాలీడును ఇతని చేతిలో పెట్టి పోయాడు. మెక్సికో దేశానికి చెందిన ఎర్ర మోకాళ్ల జాతి. సీనియర్ దగ్గరకు వచ్చినప్పుడు చిటికెన వేలి గోరంత ఉండేదట. ఇప్పుడు కాళ్లతో కలిపి నిమ్మకాయకన్నా కొంచెం పెద్దది.

సెలవులకు ఊరికి వస్తూ డబ్బాను వెంట తెచ్చాడు. రెండు వారాలుగా అది ఏమీ తినలేదు. స్కాలర్‌షిప్ ఫారం సంతకానికి మా ఇంటికి వచ్చినప్పుడు ముఖం వేలాడేసుకొని ఉన్నాడు. ఏమిటని అడిగితే చెప్పాడు.

"తినడంలేదు సార్. బతికున్న చిమ్మెటను లోపల వదిలాను. దాన్ని చూసి వెనక్కి పోతోంది. రోగమేమో అని భయంగా ఉంది."

నాకు సాలీడు గురించి ఏమీ తెలియదు. కాని నోటికి వచ్చిన మాట ఒకటే. "జ్వరం కాదు కదా బాబూ?"

పట్టుపురుగులు మేపే ఇంట్లో పుట్టినవాడు గనుక నా మాట అతనికి వెంటనే అర్థమయింది.

2. జ్వరం అంటే ఏమిటి?

పట్నం పిల్లలకోసం వివరిస్తాను. పట్టుపురుగు గుడ్డులోనుండి బయటపడినప్పుడు చీమంత ఉంటుంది. ఇరవై అయిదు రోజుల చిల్లర కాలంలో దాని బరువు దాదాపు పదివేల రెట్లు పెరుగుతుంది. చర్మం మాత్రం అంతగా సాగదు. అందువల్ల నాలుగుసార్లు పాత చర్మం విడిచి కొత్తది తొడుక్కుంటుంది. ఆ సమయంలో పురుగు తల పైకెత్తి కదలకుండా ఉంటుంది, ఆకు ముట్టదు. దీన్నే మన రైతులు జ్వరం అంటారు. మొదటి జ్వరం, రెండో జ్వరం, ఇలా నాలుగు జ్వరాలు. ఇది రోగం కాదు, ఎదుగుదల.

జ్వరంలో ఉన్నప్పుడు ఆకు వేయకూడదు, తట్టలు కదపకూడదు. పడక పొడిగా ఉండాలి, అందుకే సున్నం పొడి చల్లుతారు. నూటికి తొంభై అయిదు పురుగులు లేచినాకే మళ్లీ ఆకు వేయాలి.

ఈ నియమం నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. 1974లో నేను హైస్కూల్లో ఉన్నాను. మా ఇంట్లో పురుగులు నాలుగో జ్వరానికి పోయాయి. నాయన పనిమీద ఊరికి పోతూ, "నేను వచ్చేదాకా ఆకు వేయొద్దురా" అని చెప్పి పోయాడు. సాయంత్రానికి కొన్ని లేచి తల తిప్పుతున్నాయి. పాపం, ఆకలేమో అనుకున్నాను. బుట్టలో ఉన్న ఆకంతా తట్టలపైన పరిచాను. ముందు లేచినవి తిని ముందుకు పోయాయి. లేవనివి ఆకుకింద ఆవిరిలో చిక్కుకున్నాయి. ఒకే తట్టలో చిన్నా పెద్దా కలిసిపోయాయి, రోగం తగిలింది. ఆ పంటలో సగం కూడా గూడు కట్టలేదు. ఆ గూళ్ల సొమ్ముమీద తీర్చవలసిన అప్పు ఇంకో సంవత్సరం నడిచింది. నాయన నన్ను కొట్టలేదు. "జాలి ఉంటే చాలదు, వేళ తెలియాలి" అన్నాడంతే. ఆ మాట యాభై ఏళ్లయినా మరచిపోలేదు.

3. సాలీడు కూడా చర్మం విడుస్తుంది

అబ్బాయికి నేను చెప్పింది ఒక్కటే. ముందు ఆ చిమ్మెటను బయటికి తీసెయ్యమని. తర్వాత ఇద్దరం కూర్చుని ఈ విషయం చదివాము. అప్పుడు తెలిసింది, నా ఊహ తప్పు కాలేదని.

సాలీడు పురుగు కాదు. పురుగుకు ఆరు కాళ్లు, దేహం మూడు భాగాలు. సాలీడుకు ఎనిమిది కాళ్లు, దేహం రెండే భాగాలు. కాని రెండింటికీ ఎముకలు లోపల ఉండవు, పైన గట్టి పెంకు ఉంటుంది. పెరగాలంటే ఆ పెంకు విడవక తప్పదు. టరాంటులా కుబుసం విడిచే ముందు కొన్ని రోజులు, పెద్దదైతే కొన్ని వారాలు తిండి మానేస్తుంది. రంగు మాసిపోతుంది. తర్వాత ఒకచోట సాలె పట్టు పరచి, దానిమీద వెల్లకిలా పడుకుంటుంది. కొత్తవారు దాన్ని చూసి చచ్చిపోయిందనుకుంటారు.

ఈ అబ్బాయి ఇంట్లో అదే జరిగింది. నాలుగో రోజు రాత్రి పది గంటలకు ఫోన్ చేశాడు. "సార్, వెల్లకిలా పడింది. అమ్మ పారేయమంటోంది." నేను అన్నాను: "ముట్టవద్దు. డబ్బా కదపవద్దు. తెల్లవారేదాకా దీపం కూడా వేయవద్దు." తెల్లవారి చూస్తే డబ్బాలో రెండు సాలీళ్లు ఉన్నాయట. ఒకటి ఖాళీ చర్మం. పక్కన రెండోది, కొత్త రంగుతో, మోకాళ్లు ఎర్రగా. వాళ్లమ్మ దాన్ని చూసి, "ఇది కూడా మన పురుగు మాదిరే కదరా" అన్నదట.

4. పిల్ల సాలీడు నుండి పెద్ద సాలీడు వరకు

ఇక పాఠంలోని ముఖ్య భాగం. టరాంటులాలలో వెయ్యికి పైగా జాతులున్నాయి. నేలమీద బొరియల్లో ఉండేవి, చెట్ల తొర్రల్లో ఉండేవి అని స్థూలంగా విభజించవచ్చు. కింద చెప్పేవి నేలమీది జాతికి సంబంధించినవి.

గుడ్ల సంచి: తల్లి తన పట్టుతో సంచి అల్లి కొన్ని వందల గుడ్లు అందులో పెట్టి కాపలా కాస్తుంది. పొదిగిన పిల్లలు మొదట తినవు. ఒకటి రెండుసార్లు చర్మం విడిచాక వేట మొదలుపెడతాయి. అప్పటినుండి వేటిని వాటికి వేరు చేయాలి. ఒకచోట ఉంచితే ఒకదాన్నొకటి తింటాయి.

గది: పిల్లకు మూతకు సన్న రంధ్రాలున్న చిన్న డబ్బా చాలు. అడుగున తడిపి పిండిన కొబ్బరి పొట్టు, దాక్కోవడానికి ఒక బెరడు ముక్క. పిల్ల చర్మం పలుచన గనుక తొందరగా ఎండిపోతుంది. పొట్టు ఒక మూల తేమగా ఉండాలి, కాని నీళ్లు కారకూడదు. మన చాకీ పురుగులకు తేమ ఎక్కువ, పెద్ద పురుగులకు తక్కువ అన్నట్టే ఇక్కడా. పెద్దదయ్యేకొద్దీ ఎర్ర మోకాళ్ల జాతికి పొడి నేల, చిన్న నీళ్ల గిన్నె సరిపోతాయి. మన ఊళ్ల మామూలు వేడి దానికి చాలు. ఎండ తగిలే కిటికీలో మాత్రం డబ్బా పెట్టకూడదు.

డబ్బా ఎత్తుగా ఉండటం మంచిది కాదు. నేలమీది సాలీడు గోడ ఎక్కి పడితే దాని బరువైన కడుపు పగిలి చనిపోతుంది. పొట్టునుండి మూతకు ఎడం దాని కాళ్ల చాపుకన్నా కొంచెమే ఎక్కువ ఉండాలి.

తిండి: పిల్లకు వారానికి ఒకటి రెండుసార్లు, దాని కడుపుకన్నా చిన్నదైన పురుగు. పెద్దదానికి వారం పది రోజులకు ఒక చిమ్మెట. తినకుండా మిగిలినదాన్ని మరునాడు తీసేయాలి. పొలంలో పట్టిన పురుగులు వేయకూడదు, వాటిలో మందు ఉండవచ్చు. గదిలో దోమల మందు కొట్టకూడదు. పక్క పొలంలో కొట్టిన మందు మన మల్బరీ ఆకుమీద పడితే ఏమవుతుందో పట్టు రైతు పిల్లలకు చెప్పనవసరం లేదు.

కుబుసం: చిన్న పిల్ల నెల రెండు నెలలకొకసారి చర్మం విడుస్తుంది. పెద్దదయ్యేకొద్దీ వ్యవధి పెరిగి ఏడాదికొకసారి అవుతుంది. ఆ వేళ లోపల బతికున్న మేత ఉండకూడదు. మెత్తబడి పడి ఉన్న సాలీడును చిమ్మెటే కొరికి చంపగలదు. చర్మం విడిచాక కోరలు తెల్లగా, మెత్తగా ఉంటాయి. అవి నల్లబడి గట్టిపడేదాకా, చిన్నదానికి వారం, పెద్దదానికి రెండు వారాలు, తిండి పెట్టకూడదు. పురుగులన్నీ లేచాకే ఆకు అన్న మన నియమం ఇదే కదా! ఇంకో విచిత్రం, ఊడిన కాలు కూడా తర్వాతి కుబుసాలలో తిరిగి మొలుస్తుంది.

ఆడా మగా: విడిచిన చర్మాన్ని భూతద్దంకింద చూసి, కడుపు లోపలివైపు ఉండే చిన్న సంచి గుర్తునుబట్టి ఆడదని పోల్చుతారు. మగది యుక్తవయసుకు వచ్చాక సాధారణంగా మళ్లీ చర్మం విడవదు, ఏడాది అటూ ఇటూగా చనిపోతుంది. ఎర్ర మోకాళ్ల జాతిలో ఆడది ఇరవై ఏళ్లకు పైగా బతుకుతుంది. పెద్దదవడానికే అయిదు నుండి ఏడేళ్లు పడుతుంది.

చేత్తో పట్టరాదు: ఈ జాతి కోపిష్టిది కాదు. కాని బెదిరితే వెనక కాళ్లతో కడుపుమీది వెంట్రుకలు రాలుస్తుంది. చర్మానికి దురద, కంటిలో పడితే ప్రమాదం. అది యజమానిని గుర్తుపట్టదు, ప్రేమించదు. కుక్కపిల్లలా ఒడిలో పెట్టుకునేది కాదు. చూసి నేర్చుకోవలసిన ప్రాణి.

5. పాస్‌బుక్ రాయండి

నేను అబ్బాయికి ఒక పాత లెడ్జరు ఇచ్చాను. నాలుగు గడులు గీయించాను: తేదీ, తిండి, కుబుసం, గమనిక. తిన్నరోజు, తిననిరోజు రెండూ రాయాలి. మూడు కుబుసాల లెక్క ఉంటే నాలుగోది ఎప్పుడొస్తుందో ఇంచుమించు చెప్పవచ్చు. లెక్క లేనివాడికి ప్రతి ఉపవాసమూ రోగంలాగే కనిపిస్తుంది. విజ్ఞానశాస్త్రమైనా, బ్యాంకు ఖాతా అయినా, రాసినదే ఆధారం.

ఇంకొక లెక్క కూడా చేయించాను. నెల ఖర్చు పెద్దదేమీ కాదు. కాని ఇది ఇరవై ఏళ్ల డిపాజిట్, మధ్యలో తీయడానికి వీలులేదు. చదువు, ఉద్యోగం, పెళ్లి, బదిలీ, అన్నింటిలోనూ ఈ డబ్బా వెంట ఉంటుంది. సీనియర్ చేసిన తప్పు ఇక్కడే ఉంది. కొన్న రోజు పిల్లను చూశాడు, ఇరవై ఏళ్లు చూడలేదు.

6. కాగితం ఏదీ?

తర్వాత నాకు అలవాటైన ప్రశ్న అడిగాను. "దీనికి కాగితాలున్నాయా?" లేవు. సీనియర్‌కు ఫోన్ చేస్తే ఎవరో అమ్మితే కొన్నానన్నాడు. బిల్లు కూడా లేదు.

ఇది చిన్న విషయం కాదు. అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని అదుపుచేసే సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం ఉంది. ఎర్ర మోకాళ్ల సాలీడు ఆ ఒప్పందంలోని రెండో జాబితాలో 1985లోనే చేరింది. మెక్సికో అడవులనుండి వీటిని లెక్కలేకుండా పట్టి అమ్మడమే కారణం. మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించి ఈ జాబితాలను అందులో చేర్చారు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నియమాల ప్రకారం ఇటువంటి విదేశీ జీవి దగ్గర ఉంటే పరివేష్ పోర్టల్లో నమోదు చేయాలి. పిల్లలు పుట్టినా, చేతులు మారినా, చనిపోయినా తెలియజేయాలి.

అబ్బాయి ముఖం పాలిపోయింది. "కేసవుతుందా సార్? స్కాలర్‌షిప్ పోతుందా?"

ఆ రాత్రి నాకు కూడా నిద్ర పట్టలేదు. ఏమీ తెలియనట్టు ఊరుకోవచ్చు. ఎవరూ అడగరు. కాని ఈ చిన్నదానికి అలవాటుపడినవాడు రేపు పెద్దదానికి వెనకాడడు. అదికాక ఆ అబ్బాయికి జంతుశాస్త్రంలో ఎం.ఎస్.సి. చేయాలని కోరిక. ఏ శాస్త్రం చదవబోతున్నాడో ఆ శాస్త్రపు చట్టాన్నే దాటి మొదలుపెట్టడం మంచిదా? మరునాడు చెప్పాను. "నీకు ఎలా వచ్చిందో ఉన్నదున్నట్టు ఒక కాగితంమీద రాయి. అటవీ శాఖవారికి నువ్వే తీసుకొని పో. నేను వెంట వస్తాను. నిజం చెప్పినందుకు మన ట్రస్టు ఎవరి స్కాలర్‌షిప్పూ ఆపదు." కమిటీలో కూడా ఈ మాటే చెప్పాను. ఎవరూ కాదనలేదు.

ఇద్దరం పోయి అర్జీ ఇచ్చాము. విన్నారు, తీసుకున్నారు, రసీదు ఇచ్చారు. వారి నిర్ణయం ఏదైనా అబ్బాయి ఒప్పుకుంటానన్నాడు. సాలీడును అప్పగించవలసి వస్తే లెడ్జరును కూడా దానితోనే ఇస్తాడట. రసీదు నకలు నా ఫైల్లో ఉంది.

7. మన పొరుగున ఉన్న నీలి సాలీడు

మెక్సికో దాకా ఎందుకు? మన బాగేపల్లి దాటి, అనంతపురం దాటి అదే జాతీయ రహదారిమీద పోతే గుత్తి వస్తుంది. ప్రపంచంలో సాలీళ్లు పెంచేవారందరికీ ఆ ఊరి పేరు తెలుసు. 1899లో పోకాక్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు అక్కడి రైల్వే కలప యార్డులో దొరికిన ఒక సాలీడును వర్ణించి పోసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టాడు. మెరిసే నీలి రంగు. ఆ నీలం రంగుద్రవ్యంవల్ల వచ్చింది కాదు. నెమలి ఈకలోలాగా వెంట్రుకల సూక్ష్మ నిర్మాణంపై వెలుగు పడటంవల్ల వచ్చింది.

తర్వాత వంద సంవత్సరాలు అది ఎవరికీ కనబడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో మళ్లీ కనుగొన్నారు. అంటే దాని అసలు ఇల్లు గుత్తి కాదు. అడవిలో కొట్టిన కలపతోపాటు రైలెక్కి గుత్తికి వచ్చి ఉండాలి. పాత చెట్ల తొర్రల్లో ఉంటుంది. చెట్టు కొడితే ఇల్లు పోయినట్టే. అది ఉండే చోటు మొత్తం వంద చదరపు కిలోమీటర్ల లోపే గనుక 2008లో దాన్ని అత్యంత ప్రమాదస్థితిలో ఉన్న జీవిగా ప్రకటించారు. ఆ జాతికుటుంబమంతటినీ 2019లో సైటిస్ రెండో జాబితాలో చేర్చారు.

ఇప్పుడు యూరప్, అమెరికా ఇళ్లలో దీన్ని గుడ్డునుండి పెంచి పెద్దచేస్తున్నారు. మన అడవిలో మాత్రం అది కొద్దిగానే మిగిలింది. వేలాది మైళ్ల దూరంలోని పిల్లలు దాని కుబుసాల లెక్క రాస్తున్నారు, పక్క జిల్లాల పిల్లలకు దాని పేరైనా తెలియదు. మీలో ఒకరైనా ఆ లోటు తీర్చాలని నా ఆశ. ఇది విషం గట్టిగా ఉన్న, చాలా వేగంగా కదిలే సాలీడు. కరిస్తే విపరీతమైన నొప్పి, కండరాలు పట్టేయడం ఉంటాయి. అడవికి పోయి పట్టుకొచ్చే ఆలోచన మాత్రం చేయకండి. దానికి, మీకు, చట్టానికి, ముగ్గురికీ అది నష్టం.

ముగింపు

పట్టుపురుగును మనిషి వేల ఏళ్లుగా ఇంట్లో పెంచి, తనమీద ఆధారపడేట్టు చేసుకున్నాడు. సాలీడు అలా లొంగలేదు. ఒకచోట చేర్చితే ఒకదాన్నొకటి తింటాయి కనుక దాని పట్టును మన శిడ్లఘట్ట గూళ్ల మార్కెట్‌లా అమ్మడం ఎవరివల్లా కాలేదు. మడగాస్కర్‌లో అడవి సాలీళ్లను పట్టి, దారం తీసి, మళ్లీ వదిలేసి ఒక్క వస్త్రం నేయడానికి పది లక్షలకు పైగా సాలీళ్లు కావలసివచ్చాయి. దాన్ని 2009లో న్యూయార్క్‌లో ప్రదర్శించారు. మనకు గూడు ఇచ్చే ఆ చిన్న పురుగు విలువ అప్పుడు తెలుస్తుంది.

విద్యార్థులకు కూడా జ్వరాలు వస్తాయి. ఒక సెమిస్టరులో మార్కులు తగ్గుతాయి, పుస్తకం ముట్టబుద్ధి కాదు, ఎవరితోనూ మాట్లాడరు. అది రోగమా, చర్మం మారే వేళా అన్నది తల్లిదండ్రులు కొంచెం ఆగి చూడాలి. పిల్లలూ, మీరు లేచాక మాత్రం ఆకు తినడం మరవకండి.

అభ్యాసం

1. పట్టుపురుగు జ్వరానికి, సాలీడు కుబుసానికి మూడు పోలికలు, రెండు తేడాలు రాయండి.
2. కుబుసం వేళ బతికున్న మేతను ఎందుకు తీసేయాలి?
3. గుత్తిలో దొరికిన సాలీడు గుత్తిది కాదని ఎలా తెలిసింది?
4. మీ ఇంట్లో ఈ పంట చాకీనుండి గూడు వరకు తేదీలతో ఒక పట్టిక తయారుచేయండి. పురుగులు లేని ఇంటివారు పెరటిలోని ఏ సాలీడునైనా ముట్టకుండా పదిహేను రోజులు గమనించి రాయండి.

జవాబులు తెల్లకాగితంమీద, ఒకవైపే, మీ స్కాలర్‌షిప్ నంబరు వేసి ట్రస్టు కార్యాలయానికి పంపండి. నాలుగో ప్రశ్నకు బాగా రాసినవారికి నా వంతుగా ఒక భూతద్దం బహుమతి.